తెలుపు ఎక్కడిది? నక్షత్రవీథుల వర్ణచిత్రాల చరిత్ర

కృత్తికలకు సమీపంలో ఎర్రగా మెరిసే నక్షత్రానికి మన పూర్వులు రోహిణి అని పేరు పెట్టారు. రోహిత శబ్దానికి ఎరుపు అని అర్థం. ఆర్ద్ర, జ్యేష్ఠ నక్షత్రాల ఎరుపును ఏ పరికరమూ లేకుండానే గుర్తించవచ్చు. అభిజిత్తుది నీలి ఛాయ గల తెలుపని చూడగానే తెలుస్తుంది. కాని ఇదే ఆకాశంలో, కార్తీక మాసపు చీకటి రాత్రి దేవయాని మండలంలో కనిపించే చిన్న కాంతిమరక సంగతి వేరు. పారశీక ఖగోళవేత్త అల్-సూఫీ 964లో తన గ్రంథంలో దానిని చిన్న మేఘంగా పేర్కొన్నాడు. దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆ గెలాక్సీ నేటికీ కంటికి బూడిద రంగులోనే కనిపిస్తుంది. పెద్ద దూరదర్శినికి కన్ను ఆనించి చూసినా అంతే.

కారణం దూరదర్శినిలో లేదు, కంటిలో ఉంది. వెలుతురు బాగా తగ్గినప్పుడు రంగులను గుర్తించే శంకుకణాలు పని మానేస్తాయి. దండకణాలు మాత్రమే మేల్కొని ఉంటాయి. వాటికి వెలుగూ నీడా తెలుస్తాయి గాని రంగు తెలియదు. దూరదర్శిని గెలాక్సీని పెద్దది చేసి చూపగలదు కాని, విస్తీర్ణం గల వస్తువు ఉపరితల ప్రకాశాన్ని పెంచలేదు. అందుచేత గెలాక్సీ రంగు అన్నది ఏ మనిషీ కళ్లారా చూడని విషయం. అయినా పాఠ్యపుస్తకాలలో, గోడ క్యాలెండర్లలో పసుపు వన్నె నడిబొడ్డు, నీలి భుజాలు, వాటి వెంట గులాబీ చుక్కలు గల గెలాక్సీలు పిల్లలకు కూడా పరిచితమే. ఆ రంగులను ఎవరు నిర్ణయించారు? ఏ ఆధారంతో నిర్ణయించారు?

పెళ్లి ఫొటోలో పట్టుచీర రంగు తేడాగా వస్తే చీరను పక్కన పెట్టి పోల్చి చూడవచ్చు. స్టూడియో వారు మరో ప్రతి తీసి ఇస్తారు. గెలాక్సీ విషయంలో పక్కన పెట్టి చూసేందుకు చీర లేదు. ఛాయాచిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు సరిగా కుదరడాన్ని వర్ణ సమతౌల్యం అంటారు. ఆ పాళ్లను కుదర్చాలంటే ముందుగా ఏది తెలుపో తేల్చుకోవాలి. తెలుపు స్థిరపడితే మిగిలిన రంగులు దాని వెంటే స్థిరపడతాయి. ఖగోళ వర్ణచిత్రాల చరిత్ర చాలావరకు ఈ తెలుపు కోసం జరిగిన వెతుకులాటే.

ఈ కథకు మూలం 1861 మే నెలలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జరిగిన ఒక ప్రదర్శన. మూడు రంగుల కాంతిని తగిన పాళ్లలో కలిపితే కంటికి ఏ రంగునైనా చూపవచ్చునని నిరూపించడానికి జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒక గళ్ల రిబ్బను ఛాయాచిత్రాలను తెరపై వేసి చూపాడు. థామస్ సటన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలి ద్రావణాల గుండా వేర్వేరుగా తీసిన ఆ నలుపు తెలుపు పలకలను అవే రంగుల కాంతితో ఒకదానిపై ఒకటి ప్రసరింపజేస్తే రిబ్బను రంగుల్లో కనిపించింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ కాలపు పలకలకు ఎరుపు కాంతి సోకే అవకాశమే లేదు. మరి ఎరుపు ఎలా వచ్చింది? సరిగ్గా 100 ఏళ్ల తరువాత, 1961లో, కొడాక్ సంస్థలో రాల్ఫ్ ఎవాన్స్ దీనిని పరిశోధించి, రిబ్బనులోని ఎర్ర అద్దకం అతినీలలోహిత కిరణాలను కూడా పరావర్తనం చేసిందనీ, పలకపై పడింది అవేననీ తేల్చాడు. సిద్ధాంతం సరైనదే, ప్రదర్శన మాత్రం అదృష్టవశాత్తు సఫలమైంది. మాక్స్‌వెల్ పద్ధతిని ఆకాశంపై అర్థవంతంగా ప్రయోగించడానికి మరో శతాబ్దం పైగా పట్టింది.

ఈ మధ్యకాలమంతా ఆకాశపు ఛాయాచిత్రకళ వర్ణాంధురాలే. ఐజాక్ రాబర్ట్స్ 1888లో 20 అంగుళాల దర్పణ దూరదర్శినితో దేవయాని గెలాక్సీని గంటల తరబడి ఛాయాచిత్రం తీసి, దానికి సర్పిలాకారం ఉందని తొలిసారిగా లోకానికి చూపాడు. ఆ పలకపై ముద్ర వేసింది ప్రధానంగా నీలి కాంతి. వెండి లవణాలు సహజంగా నీలానికే స్పందిస్తాయి. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ కొన్ని అద్దకాలను ఎమల్షన్‌లో కలిపితే అది ఇతర రంగులకు కూడా స్పందిస్తుందని కనుగొన్నప్పటికీ, ఖగోళ పలకలు చాలాకాలం నీలి పక్షపాతం వీడలేదు.

హైదరాబాదు ఈ చరిత్రలోకి ప్రవేశించింది ఇక్కడే. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళవేత్తలు ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని నిశ్చయించారు. ఆకాశాన్ని వలయాలుగా విభజించి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్కటి అప్పగించారు. చిలీ దేశంలోని శాంటియాగో వేధశాల తన భాగాన్ని పూర్తి చేయలేకపోవడంతో, దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకు గల వలయం హైదరాబాదు నిజామియా వేధశాలకు వచ్చింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్వంత ఖర్చుతో నెలకొల్పిన ఈ సంస్థను ఆయన మరణానంతరం, 1908లో, నిజాం ప్రభుత్వం స్వాధీనం చేసుకుని బేగంపేటలో స్థిరపరచింది. 8 అంగుళాల కుక్ దూరదర్శినితో పలకలు తీయడం, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలవడం, లెక్కగట్టడం, అచ్చు వేయించడం దశాబ్దాల పాటు సాగాయి. ఆ తరువాత జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తర వలయంలో కొంత భాగాన్ని కూడా హైదరాబాదే తీసుకుంది. మొత్తం 12 సంపుటాలు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. భారత ఖగోళశాస్త్రానికి ఆధునిక రూపమిచ్చిన వైను బప్పు తండ్రి ఈ వేధశాల ఉద్యోగే. ఆ కుర్రవాడు ఆకాశాన్ని చూడడం నేర్చుకున్నది బేగంపేటలోనే.

నీలి కాంతికే స్పందించే ఇలాంటి పలకల మీద రోహిణి, జ్యేష్ఠ వంటి ఎర్రని నక్షత్రాలు కంటికి కనిపించేదానికంటే మందంగా పడతాయి. నీలి నక్షత్రాలు ప్రకాశవంతంగా పడతాయి. తొలి రోజుల్లో ఇది చికాకు కలిగించే దోషంగా తోచినా, త్వరలోనే దాని విలువ తెలిసివచ్చింది. పలక చెప్పే ప్రకాశానికీ కన్ను చెప్పే ప్రకాశానికీ గల తేడాయే నక్షత్రపు రంగుకు కొలత. దానిని వర్ణసూచిక అన్నారు. రంగు అన్నది ఒక అంకెగా మారింది.

అంకె కావాలంటే సున్నా ఎక్కడో నిర్ణయించాలి. హెరాల్డ్ జాన్సన్, విలియం మోర్గన్‌లు 1953లో స్థిరపరచిన పద్ధతిలో, అభిజిత్తు వంటి వేడి నక్షత్రాల సగటు వర్ణసూచికను సున్నాగా తీసుకున్నారు. ఆ కొలబద్దపై సూర్యుని విలువ సుమారు 0.65, రోహిణి విలువ సుమారు 1.54. అంటే ఖగోళవేత్త పట్టికలో ‘రంగు లేని’ నక్షత్రం అభిజిత్తు. మానవుని కంటికి తెలుపు మాత్రం సూర్యకాంతే. అభిజిత్తును తెలుపుగా తీసుకుంటే సూర్యుడు పసుపుపచ్చగా కనిపిస్తాడు. సూర్యుని తెలుపుగా తీసుకుంటే అభిజిత్తు నీలమవుతుంది. సూర్యుడు పచ్చని నక్షత్రమని పాఠ్యపుస్తకాలు చెప్పడం వెనుక ఈ సున్నా హస్తం కూడా ఉంది. వాతావరణం పైనుంచి చూస్తే సూర్యుడు తెల్లగానే ఉంటాడు. రెండు తెలుపుల మధ్య గల ఈ తగవు తరువాతి కథలో పదే పదే తలెత్తుతుంది.

రంగుల ఫిల్మ్ బజారులోకి వచ్చిన తరువాత దానిని దూరదర్శినికి అమర్చితే చాలునని అనిపించడం సహజం. కాలిఫోర్నియాలోని పాలొమార్ వేధశాలలో విలియం మిల్లర్ ఆ పని చేశాడు. 1959లో పత్రికలలో వెలువడిన ఆయన చిత్రాలు దేవయాని గెలాక్సీని, కర్కట నీహారికను రంగులలో చూపి సామాన్య పాఠకులను అబ్బురపరచాయి. దాని వెనుక శ్రమ తక్కువది కాదు. పగటి ఫొటోకు సెకనులో వందో వంతు చాలు. గెలాక్సీకి గంటలు కావాలి. మందకొడి కాంతిలో ఎక్కువసేపు ఉంచిన కొద్దీ ఫిల్మ్ సున్నితత్వం తగ్గిపోతుందని కార్ల్ శ్వార్జ్‌షీల్డ్ పందొమ్మిదో శతాబ్దం చివరనే వివరించాడు. రంగుల ఫిల్మ్‌లో మూడు పొరలు ఉంటాయి. మూడూ ఒకే మోతాదులో బలహీనపడితే నష్టం లేదు. కాని ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిలో బలహీనపడుతుంది. ఫలితంగా మూడు గంటల తరువాత చిత్రంలోని రంగులకూ ఆకాశంలోని రంగులకూ సంబంధం తెగిపోతుంది. మిల్లర్ ప్రయోగశాలలో ఈ తేడాలను కొలిచి, ప్రతులు తీసేటప్పుడు వడపోత అద్దాలతో సరిచేశాడు. ఆయన దిద్దుబాట్లు లేకుంటే అవి అందమైన అబద్ధాలై ఉండేవి.

సమస్యకు నమ్మదగిన పరిష్కారం దక్షిణార్ధగోళం నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ పర్వతం మీద 3.9 మీటర్ల ఆంగ్లో ఆస్ట్రేలియన్ దూరదర్శిని 1974లో ప్రారంభమైంది. మరుసటి ఏడు అక్కడ ఛాయాచిత్ర విభాగంలో చేరిన డేవిడ్ మాలిన్ ఖగోళశాస్త్రం చదివినవాడు కాదు. 1941లో ఇంగ్లండులో పుట్టి, రసాయన పరిశ్రమలో సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రాలు తీస్తూ అనుభవం గడించినవాడు. డిగ్రీలను బట్టి ఉద్యోగార్హత నిర్ణయించే వ్యవస్థలో ఆయనకు ఆ తలుపు తెరుచుకునేది కాదేమో.

మాలిన్ రంగుల ఫిల్మ్‌ను దూరదర్శిని దరిదాపులకు రానివ్వలేదు. నేరుగా మాక్స్‌వెల్ వద్దకు వెళ్లాడు. ఒకే గెలాక్సీని ఎరుపు, ఆకుపచ్చ, నీలి ఫిల్టర్ల గుండా మూడు వేర్వేరు నలుపు తెలుపు గాజు పలకలపై తీయడం ఆయన పద్ధతి. ఒక్కొక్క పలక ఎమల్షన్ తన రంగుకు తగినట్లు ప్రత్యేకంగా తయారైనది. దూరదర్శినికి ఎక్కించే ముందు దానిని నత్రజనిలో వేడి చేసి, ఉదజని తగిలించి సున్నితత్వం పెంచేవారు. మూడు పలకలు ఒకే రాత్రి పూర్తి కాకపోవచ్చు. మొదటి రాత్రి గాలి నిర్మలంగా ఉండి, రెండో రాత్రి కాస్త మసకబారితే ఆ తేడా రంగుగా మారి చిత్రంలో కూర్చుంటుంది. అంతే కాదు, గెలాక్సీ నడినెత్తి నుంచి పడమటికి దిగే కొద్దీ దాని కాంతి దట్టమైన గాలి పొరను దాటి రావాలి. అస్తమించే సూర్యుడు ఎర్రబడడానికి గల కారణం చేతనే గెలాక్సీ కూడా రవ్వంత ఎర్రబడుతుంది. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని మూడు పలకల నుంచి ప్రతులు తీసి, చీకటి గదిలో ఒకదాని తరువాత ఒకటిగా ఒకే రంగుల కాగితంపై ప్రసరింపజేసేవాడు. నక్షత్రపు ప్రతి చుక్కా మూడు పర్యాయాలూ అదే చోట పడాలి. వెంట్రుకవాసి తప్పితే ఒక పక్క ఎరుపు అంచు, మరో పక్క నీలి అంచు తేలుతాయి.

కాగితం మీద ఇమడని సంగతి మరొకటి ఉంది. గెలాక్సీ నడిబొడ్డు అంచులకంటే వేల రెట్లు ప్రకాశవంతంగా ఉంటుంది. అంచులు కనిపించేలా ముద్రిస్తే నడిబొడ్డు తెల్లని ముద్దగా మారుతుంది. మాలిన్ అసలు పలకకు మసకగా ఒక ప్రతికృతి తీసి, దానిని పలకతో జోడించి ముద్రించేవాడు. మసక ప్రతికృతి పెద్ద ఎత్తున గల వెలుగునీడల తేడాను అణచివేస్తుంది. సూక్ష్మ వివరాలను తాకదు. పాత డార్క్‌రూమ్ విద్యే అయినా ఖగోళ పలకలపై ఆయన దానిని సాధించిన తీరు అసాధారణం. ఇందుకు వ్యతిరేక దిశలో, పలక పైపొరలో దాగిన అతి మందకొడి కాంతిని వెలికితీసే మరో ప్రక్రియను కూడా రూపొందించాడు. దాని ఫలితంగా 1986లో బయటపడిన విశాలమైన, అతి మసక గెలాక్సీకి మాలిన్-1 అని పేరు వచ్చింది.

నలుపు తెలుపు పలకలపై ఎంతో శోధించినా అంత సులభంగా పట్టుబడని విషయం మాలిన్ వర్ణచిత్రాలలో చూపు తగలగానే అర్థమయ్యేది. సర్పిల గెలాక్సీ నడిబొడ్డు పసుపు, అక్కడ వృద్ధ తారలు. భుజాలు నీలం, అక్కడ కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు. అవి ఎక్కువ కాలం బతకవు కనుక నీలం ఉన్నచోట జననం ఇంకా జరుగుతున్నట్టే. గులాబీ చుక్కలు 656 నానోమీటర్ల వద్ద ప్రకాశించే ఉదజని మేఘాలు. గోధుమ రంగు చారలు ధూళి. రంగు అలంకారం కాక వయస్సుకు ఆనవాలైంది. పాళ్లు తప్పితే అందం చెడడంతో ఆగదు, గెలాక్సీ చరిత్రే తారుమారవుతుంది.

అయినా ‘కంటికి కనిపించే రంగు’ అన్న మాట ఎంత జారుడుదో మృగశిర మండలంలోని మహానీహారిక చెబుతుంది. మంచి దూరదర్శినిలో దానిని చూసినవారు పలుచని ఆకుపచ్చ ఛాయ ఉందంటారు. ఛాయాచిత్రాలలో అది ఎర్రగా వస్తుంది. రెండూ నిజమే. ఆ మేఘం ఉదజని వల్ల ఎరుపునూ, ఆమ్లజని వల్ల 501 నానోమీటర్ల దగ్గర నీలి ఆకుపచ్చనూ వెదజల్లుతుంది. మసక వెలుతురులో కన్ను రెండోదానికి సున్నితం, మొదటిదానికి దాదాపు గుడ్డి. రంగుల ఫిల్మ్‌లో ఎరుపు బాగా పలుకుతుంది; నీలి పొరకూ ఆకుపచ్చ పొరకూ నడుమ పడే ఆమ్లజని కాంతి అంతగా పలకదు. సాక్షులిద్దరూ పక్షపాతులే. మాలిన్ పద్ధతిలో రెండు కాంతులకూ చోటు దొరికింది.

1990 ఏప్రిల్‌లో హబుల్ దూరదర్శిని కక్ష్యలోకి వెళ్లేనాటికి గాజు పలకల యుగం ముగింపుకు వచ్చింది. పలక స్థానంలోకి వచ్చిన సిలికాన్ గ్రాహకం కాంతిని అంకెలుగా నమోదు చేస్తుంది. అంకెలను గుణించడం, భాగించడం తేలిక కనుక సమతౌల్యం సమస్య తీరిపోయిందనుకోవచ్చు. జరిగింది వేరు. పలకతో పని చేసేవాడికి ప్రకృతి కొన్ని హద్దులు పెట్టేది. అంకెలకు ఆ హద్దులు లేవు.

1995 నవంబరులో విడుదలైన గరుడ నీహారిక చిత్రం ఇందుకు పేరెన్నికగన్న ఉదాహరణ. జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్‌లు హబుల్‌తో తీసిన ఆ మూడు ధూళి స్తంభాల చిత్రం ప్రపంచమంతటా అచ్చయింది. అందులో గంధకపు కాంతికి ఎరుపు, ఉదజనికి ఆకుపచ్చ, ఆమ్లజనికి నీలం కేటాయించారు. నిజానికి గంధకపు కాంతీ ఉదజని కాంతీ రెండూ ఎరుపే. వాటి మధ్య తేడా 20 నానోమీటర్లకు లోపే. రెంటినీ ఎర్రగానే చూపితే ఏ పదార్థం ఎక్కడుందో తెలియదు. కనుక తరంగదైర్ఘ్యాల వరుస తప్పకుండా వాటిని దూరం జరిపి రంగులిచ్చారు. పరిశోధకుడికి అది పటం. పటంలో రాష్ట్రాలకు వేసిన రంగులను నేల రంగులని ఎవరూ అనుకోరు. కాని క్యాలెండరు కొన్నవారికి ఆ సంగతి ఎవరు చెప్పారు? వివరణ మూల ప్రకటనలో ఉంది. పత్రికలు చిత్రాన్ని తీసుకున్నాయి, వివరణను చాలాచోట్ల వదిలేశాయి. ప్రజాధనంతో నడిచే సంస్థ చిత్రాన్ని విడుదల చేసేటప్పుడు రంగుల కేటాయింపును చిత్రంలోనే ఒక మూల ముద్రించాలన్న వాదన సమంజసమైనది. తరువాతి కాలంలో అమెరికా, యూరపు సంస్థలు చిత్రంతో పాటు ఫిల్టర్ల వివరాలు ఇవ్వడం పరిపాటి అయింది.

తెలుపు విషయంలో తప్పు జరిగితే ఏమవుతుందో 2002లో లోకమంతా చూసింది. మాలిన్ పని చేసిన ఆ ఆస్ట్రేలియా దూరదర్శినితోనే 2 లక్షలకు పైగా గెలాక్సీల వర్ణపటాలు సేకరించారు. వాటన్నిటినీ కలిపితే విశ్వపు సగటు వెలుగు ఏ రంగులో ఉంటుందో చెప్పవచ్చునని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న కార్ల్ గ్లేజ్‌బ్రూక్, ఇవాన్ బాల్డ్రీలకు తోచింది. వారి ప్రధాన పరిశోధన నక్షత్రాల జనన చరిత్ర గురించినది. రంగు దానికి అనుబంధంగా వచ్చిన సరదా. జనవరిలో జరిగిన ఖగోళవేత్తల సమావేశంలో విశ్వం లేత వైడూర్య వర్ణంలో, అంటే పలుచని నీలి ఆకుపచ్చలో ఉందని ప్రకటించారు. పత్రికలు పతాక శీర్షికలలో వేశాయి.

కొద్ది వారాలలోనే వర్ణశాస్త్ర నిపుణులు లెక్కను ప్రశ్నించారు. పరిశీలిస్తే, వర్ణపటాన్ని రంగుగా మార్చడానికి వాడిన సాఫ్ట్‌వేర్‌లో తెలుపు బిందువు తప్పుగా ఉన్నట్లు తేలింది. అది తెలుపుగా భావించినది కాస్త ఎరుపు వైపు జరిగిన కాంతిని. దానితో పోలిస్తే అసలైన తెలుపు కూడా ఆకుపచ్చగానే కనిపిస్తుంది. గెలాక్సీల కొలతలలో దోషం లేదు, వర్ణపటం సరైనదే. ఒక్క ఆధార బిందువు జరిగినందుకు విశ్వం రంగు మారిపోయింది. మార్చి నెలలో వారిద్దరూ సవరణ ప్రకటించారు. విశ్వపు సగటు రంగు తెలుపుకు అతి సమీపంలో ఉండే మీగడ వన్నె. ప్రజల నుంచి వచ్చిన పేర్లలో ‘కాస్మిక్ లాటే’ స్థిరపడింది. లాటే అంటే పాలు ఎక్కువగా కలిపిన కాఫీ. మన ఇళ్లలో కాచే కాఫీని దృష్టిలో పెట్టుకుంటే మాత్రం ఆ పేరు తప్పుదారి పట్టిస్తుంది. కాఫీ పొడి వాసన మాత్రమే తగిలిన పాలనుకోవాలి.

ఈ సవరణలో గమనార్హమైన విషయం ఒకటుంది. గ్లేజ్‌బ్రూక్, బాల్డ్రీలు ఏ తెలుపును ఆధారంగా తీసుకున్నారో స్పష్టంగా చెప్పారు. మధ్యాహ్నపు వెలుతురును తెలుపు అనుకుంటే అదే విశ్వం రవ్వంత గులాబీ వైపు మొగ్గుతుంది. గదిలో పాత కాలపు బల్బు వెలుతురును తెలుపు అనుకుంటే నీలి వైపు మొగ్గుతుంది. ‘విశ్వం రంగు ఏమిటి’ అన్న ప్రశ్నకు ‘దేనితో పోలిస్తే’ అన్న ఎదురుప్రశ్న లేకుండా జవాబు లేదు. తప్పు దొరికిన వెంటనే ఒప్పుకుని, దాని మూలాన్ని కూడా వివరించిన ఆ సవరణ తొలి ప్రకటనకంటే విలువైన శాస్త్రం.

ఇదే కాలంలో అమెరికాలోని స్లోన్ ఆకాశ సర్వేక్షణ లక్షలాది గెలాక్సీల చిత్రాలు తీస్తోంది. అన్నింటికీ చేతితో రంగులు కుదర్చడం అసాధ్యం. 2004లో రాబర్ట్ లప్టన్, ఆయన సహచరులు ఒక నియమం ప్రతిపాదించారు. అంతవరకు మూడు రంగుల చిత్రాలనూ విడివిడిగా సాగదీసి తరువాత కలిపేవారు. అలా చేస్తే ప్రకాశవంతమైన ప్రతిదీ, నక్షత్రమైనా గెలాక్సీ నడిబొడ్డయినా, తెల్లబారుతుంది. లప్టన్ బృందం ముందుగా మూడింటి మొత్తం ప్రకాశాన్ని సాగదీసి, ఆ నిష్పత్తినే మూడు రంగులకూ సమంగా వర్తింపజేసింది. అప్పుడు వస్తువు మందకొడిదైనా ప్రకాశవంతమైనదైనా రంగు మారదు. ఒకే వర్ణసూచిక గల రెండు గెలాక్సీలు చిత్రంలో ఒకే రంగులో కనిపిస్తాయి. అందుకు ఫలం అనుకోని చోట దక్కింది. 2007లో మొదలైన ‘గెలాక్సీ జూ’లో వేలాది మంది సామాన్యులు ఈ చిత్రాలను చూసి గెలాక్సీలను వర్గీకరించారు. కొందరు స్వచ్ఛంద కార్యకర్తల దృష్టి చిన్న ఆకుపచ్చ గింజల్లాంటి వస్తువులపై పడింది. ఏ ఉష్ణోగ్రత వద్దా నక్షత్రం ఆకుపచ్చగా కనిపించదు. కనుక గెలాక్సీ చిత్రంలో ఆకుపచ్చ అంటే సమతౌల్యం చెడినట్టని అనుభవజ్ఞుల అనుమానం. ఇక్కడ పాళ్లు నియమబద్ధంగా ఉన్నందున ఆ అనుమానానికి తావు లేకపోయింది. 2009లో వెలువడిన పరిశోధన ప్రకారం అవి తీవ్రంగా నక్షత్రాలను కంటున్న చిన్న గెలాక్సీలు. వాటి ఆమ్లజని కాంతి దూరం వల్ల ఎరుపు వైపు జరిగి, చిత్రంలో ఆకుపచ్చకు కేటాయించిన ఫిల్టరులో పడింది. ఆ కాంతి కంటికి కనిపిస్తే నారింజ ఛాయల్లో ఉంటుంది. పచ్చ బఠాణీలన్న పేరు మాత్రం నిలిచిపోయింది.

నేడు ఇంటి మేడ మీద చిన్న దూరదర్శినితో గెలాక్సీ చిత్రాలు తీసేవారు కూడా తెలుపు ప్రశ్నను తప్పించుకోలేరు. గ్రాహకం ఇచ్చిన ముడి చిత్రంలో ముందుగా ఆకాశపు నేపథ్యాన్ని తీసివేయాలి. వీధి దీపాల కాంతి ఒకటి, వాతావరణంలోని ఆమ్లజని 558 నానోమీటర్ల వద్ద రాత్రంతా వెదజల్లే ఆకుపచ్చ కాంతి మరొకటి. నేపథ్యాన్ని తీయకుండా పాళ్లు సరిచేస్తే వీధి దీపపు రంగును గెలాక్సీకి అంటగట్టినట్టే. తరువాత తెలుపు. ఒక వర్గం వారు సూర్యుని పోలిన నక్షత్రాన్ని చిత్రంలో వెతికి, అది తెల్లగా వచ్చే వరకు పాళ్లు మారుస్తారు. మానవ నేత్రం సూర్యకాంతిలో పరిణమించింది కనుక వారి వాదనకు బలముంది. రెండో వర్గం వారు, కోట్లాది తారలలో ఒక్కదానికి ఆ పట్టాభిషేకం ఎందుకని ప్రశ్నిస్తారు. ఒక సర్పిల గెలాక్సీ మొత్తం కాంతిలో అన్ని వయస్సుల నక్షత్రాలూ ఉంటాయి కనుక దానినే తెలుపుగా తీసుకోవాలంటారు. ఇప్పుడు విరివిగా వాడుతున్న ఒక సాఫ్ట్‌వేర్ సగటు సర్పిల గెలాక్సీనే తొలి ఎంపికగా ఇస్తుంది. తొలి వర్గం చిత్రం మనిషికి ఎలా కనిపిస్తుందో చెబుతుంది. రెండో వర్గం చిత్రంలో వృద్ధ తారలకూ యువ తారలకూ మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏది వాడినా ఆ మాట చిత్రం కింద రాయడం ముఖ్యం. అచ్చుయంత్రం సిరాలు ఉదజని గాఢ అరుణిమను ఎలాగూ పూర్తిగా పట్టలేవు. కనీసం మాటైనా మిగలాలి.

2022 జులైలో వెలువడిన జేమ్స్ వెబ్ చిత్రాల విషయంలో కంటి ప్రసక్తే చాలావరకు లేదు. అవి పరారుణ కిరణాలలో తీసినవి. భారత ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 నుంచి తీసిన అతినీలలోహిత చిత్రాలు అందుకు రెండో కొస. ఇక్కడ పాటించే నియమం ఒక్కటే. పొడవైన తరంగానికి ఎరుపు, పొట్టి తరంగానికి నీలం, మధ్యవాటికి మధ్య రంగులు. సంగీతంలో శ్రుతి మార్చినట్లే ఇదీ. స్వరాల మధ్య అంతరాలు చెడవు.

రంగుల లెక్క ఇంతగా నక్షత్రాల మీద ఆధారపడినప్పుడు, ప్రతి చిత్రంలోని ప్రతి చుక్కా ఏ నక్షత్రమో, దాని రంగు ఎంతో చెప్పే పట్టిక ఉండాలి. 2022లో గయా ఉపగ్రహం సుమారు 22 కోట్ల వస్తువుల వర్ణపటాలను అందుబాటులోకి తెచ్చింది. అంతకు ముందు, 2000లో, టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాల ప్రకాశాన్ని నీలంలోనూ పసుపుపచ్చలోనూ విడివిడిగా ఇచ్చింది. ఆ రెండు ప్రకాశాలూ హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచినవి. నక్షత్రాలు ఆకాశంలో ఎంత వేగంగా జరుగుతున్నాయో తెలియాలంటే మాత్రం దశాబ్దాల నాటి స్థానాలతో పోల్చాలి. అందుకోసం 1887 నాటి ప్రణాళిక కింద తీసిన పలకల కొలతలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి మళ్లీ లెక్కగట్టారు. వాటిలో దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకు గల నక్షత్రాల పాత స్థానాలు బేగంపేటలో కొలిచినవే.